పన్నెండు కిలోల ఇసుక

కప్పీ బాబాయ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పడం చేతకాదు. అలాగని అబద్ధాలకోరు అనేస్తే పాపం తగులుతుంది. ఆయన చెప్పే ప్రతి కథలోనూ ఎక్కడో ఒక మూల జరిగిన ముక్క ఉంటుంది, కాకపోతే దాన్ని వెతికి పట్టుకోవాలంటే మనం ఒక పూట సెలవు పెట్టుకోవాలి. మనిషి లిఫ్టు మెకానిక్. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో ఉన్న ఎత్తు మేడలన్నిట్లోనూ లిఫ్టులు బాగుచేస్తున్నాడు. ఎవరింట్లో ఏ బరువు ఎత్తాలన్నా "దానికో కప్పీ వేస్తే సరి" అంటాడు గనక జనం ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు.

రేవు పక్కనే రేకుల టీ కొట్టు ఉంది. రెండు బెంచీలు, బిస్కట్ల సీసాలు, ఎప్పుడూ మరుగుతూ ఉండే గిన్నె, ఆ గిన్నె వెనక అందరూ అక్క అని పిలిచే కొట్టు యజమానురాలు. బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా కట్టేసిన పడవలు కనిపిస్తాయి. వాటిల్లో నాలుగోది, నీలం రంగుది, కప్పీ బాబాయ్ పడవ. పదహారడుగుల పాత తెరచాప పడవ. ఎవరో వదిలించుకుంటుంటే పోయినేడాది ఈయన తగిలించుకున్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగి, పనిముట్ల సంచీ కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడో లేదో కొత్త మనిషి ఒకాయన వచ్చాడు. బజారు వీధిలో కళ్ళజోళ్ళ షాపు ఆయనది. మాట మెత్తన, నడక మెత్తన, జేబులో చిన్న పుస్తకం. రేవులో ఎవర్నో అడిగితే టీ కొట్టుకి పొమ్మన్నారట. ఆ నీలం పడవని ఒక్కరే నడుపుతారని, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి తీసుకెళ్తారని విన్నాను, తాళ్ళు ఎలా కట్టారో కాస్త చెబుతారా అని అడిగాడు.

ఇలాంటి ప్రశ్న కోసం కప్పీ బాబాయ్ మొహం వాచి ఉన్నాడు. ఆ కొట్లో కూర్చునేవాళ్ళు ఆయన్ని ప్రశ్నలు అడగడం ఎప్పుడో మానేశారు. రిటైరైన పోస్టుమాన్ ఒకాయన రోజూ వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చుంటాడు. అందరికీ ఆయన పెద్దాయన. తొమ్మిదేళ్ళుగా బాబాయ్ కథలు వింటూ, ఎక్కడ కాలు జారుతాడా అని ఓపిగ్గా కాచుకుని ఉన్నాడు గానీ, నోరు తెరిచి ఇదేంటని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

"కూర్చోండి సారూ, ముందు కూర్చోండి. అక్కా, సారుకో టీ. ఇప్పుడూ మామూలు పడవ ఉందనుకోండి, చాప ఎత్తడానికి ఒకడు లేచి స్తంభం దగ్గరికి పోవాలి, చుక్కాని ఇంకొకడు పట్టుకోవాలి, చాప అడుగున ఉండే అడ్డకర్ర తాడు మూడోవాడు చూసుకోవాలి. ఇంతమందిని నేనెక్కణ్ణుంచి తేను చెప్పండి, నాకున్నది మా ఆవిడ, మా అమ్మాయి, మా అత్తగారు, వాళ్ళొచ్చేది చల్లగాలి పీల్చడానికి గానీ తాళ్ళు పీకడానికి కాదు గదా. అప్పుడేం చేశానో తెలుసా? స్తంభం మొదట్లో వరసగా కప్పీలు బిగించి, తాళ్ళన్నీ వెనక్కి, నేను కూర్చునే చోటికి తెచ్చిపడేశాను. ముగ్గురు చేసే పని, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నేనొక్కణ్ణే చేస్తాను."

ఇంతవరకూ చెప్పింది అక్షరాలా నిజం, పైగా మంచి పనే. అదే ఆయనకి ఇబ్బంది. టీ ఇంకా సగం గ్లాసు ఉంది, నిజం అప్పుడే అయిపోయింది. అందుకని గొంతు కొంచెం తగ్గించి, అసలు కిటుకు ఇది కాదు సారూ అంటూ ముందుకి వంగాడు.

"లిఫ్టు ఎలా పైకి పోతుందనుకుంటున్నారు? అంతా మోటారు బలం అనుకుంటారు జనం, కానే కాదు. మనుషులెక్కే పెట్టె ఇటు ఉంటే, అంత బరువున్న ఇనప దిమ్మలు అటు కడతాం, అవి దిగుతుంటే ఇది ఎక్కుతుంది. అదే లెక్క ఇక్కడా వేశాను. ఇటు తెరచాప, అటు ఇసుక సంచీ. సరిగ్గా పన్నెండు కిలోలు. సంచీ కిందికి జారుతుంది, చాప పైకి లేస్తుంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. అది చిటికెన వేలు తాడుకి తగిలిస్తే చాలు, చాప లేచి నిలబడుతుంది."

కళ్ళజోళ్ళాయన పుస్తకం తెరిచి బొమ్మ గీశాడు. స్తంభం, దాని కొనకి కప్పీ, ఇటు చాప, అటు సంచీ. సంచీ మీద పన్నెండు అని అంకె వేశాడు. బొమ్మ చక్కగా వచ్చింది. కప్పీ బాబాయ్ తొంగి చూసి, తాడు స్తంభానికి ఏ పక్క నుంచి దిగాలో కూడా వేలు పెట్టి చూపించాడు. తను చెప్పింది ఎవరైనా రాసుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఛాతీ కాస్త ఉబ్బింది కూడా.

అప్పుడు కళ్ళజోళ్ళాయన తన సంగతి చెప్పాడు. ఆయనా ఇలాంటి పాత పడవే కొన్నాడట. ఎల్లుండి ఆదివారం పిల్లల్ని నీళ్ళ మీదికి తీసుకెళ్తానని మాటిచ్చాడట. పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి నాలుగు. భార్యకి ఈత రాదు. ఒక్కడివే ఎలా నడుపుతావని ఆవిడ వారం రోజులుగా భయపడుతోంది. ఇప్పుడు మీ పద్ధతి చెబితే ఆవిడకి ధైర్యం వస్తుంది, రేపు మధ్యాహ్నం షాపు మూసేసి సంచీ కట్టేస్తాను, పక్కింటివాళ్ళు ఇల్లు కట్టుకుంటున్నారు గనక ఇసుకకి కొదవలేదు అన్నాడు.

కప్పీ బాబాయ్ తాగబోతున్న టీ కింద పెట్టేశాడు.

ఎందుకంటే ఆ సంచీ కథలో జరిగిన ముక్క వేరే ఉంది. మూడు నెలల కిందట ఒక ఆదివారం ఆయన నిజంగానే సంచీ కట్టాడు, చాప నిజంగానే చిటికెన వేలికి లేచింది. ఓ గంట రాజభోగంగా గడిచింది. తర్వాత ఉన్నట్టుండి గాలి ముదిరి పడవ ఒక పక్కకి ఒరిగింది. చాప దించేద్దామని తాడు వదిలేశాడు. చాప దిగలేదు. ఎలా దిగుతుంది, పన్నెండు కిలోల సంచీ దాన్ని పైన పట్టుకుని కూర్చుంటే? అటు దిమ్మలే ఎక్కువ బరువు గనక బ్రేకు జారిన ఖాళీ లిఫ్టు కిందికి పడదు, పైకే పోతుంది. ఆ సంగతి ఇరవై రెండేళ్ళుగా వందమందికి వివరించి చెప్పిన మనిషికి ఆ క్షణం దాకా తట్టనే లేదు. పోనీ అడ్డకర్ర తాడైనా వదిలి చాపని గాలికి కొట్టుకోనిద్దామంటే, ఊగిసలాడే సంచీ ఆ తాడుని చుట్టేసుకుంది. అంచు మీదుగా నీళ్ళు లోపలికి వచ్చాయి. అమ్మాయి నడుం దాకా తడిసి ఏడుపు లంకించుకుంది. ఆ పూట నలుగురూ ఇంటికి చేరారంటే అది బాబాయ్ భార్య చలవ. ఆ సంగతి బయట ఎక్కడా అననని ఆమె చేత ఒట్టు వేయించుకుని, మర్నాడే సంచీ విప్పేశాడు. పడవలోంచి విప్పాడు గానీ కథలోంచి విప్పలేదు.

ఇప్పుడు ఈ మెత్తటి మనిషి అదే సంచీని ఇద్దరు పసివాళ్ళ నెత్తిన కడతానంటున్నాడు.

కట్టొద్దని ఒక్క మాట చెబితే పోతుంది. కానీ ఎందుకు కట్టొద్దో చెప్పాలి, చెబితే ఎదురు బెంచీ మీద పెద్దాయన ఉన్నాడు, గిన్నె వెనక అక్క ఉంది. ఈ కొట్లో ఆయన మునిగిపోతున్న మనుషుల్ని కాపాడినవాడు, ఆగిపోయిన లిఫ్టుని పంటితో లాగినవాడు. భార్య చేత కాపాడించుకున్నవాడు మాత్రం ఎప్పుడూ కాలేదు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు. ఈ కథని ఎవడూ నమ్మలేనంత పెంచేస్తే సరి. సారు పగలబడి నవ్వి, ఇదంతా ఉత్త కోత అనుకుని పుస్తకం మూసేస్తాడు, పరువూ దక్కుతుంది, పిల్లలూ దక్కుతారు. కోతలు కొయ్యడం తనకేమన్నా కొత్తా?

"అసలు ఆ తర్వాత ఏమైందో తెలుసా సారూ? ఆ సంచీ ఊపుకి చాప ఎంత జోరుగా లేచిందంటే, చాపతో పాటు పడవ కూడా లేచింది. నీళ్ళ మీదినుంచి మూడడుగులు. కిందినుంచి చేపలు తలెత్తి చూస్తున్నాయి, మా అత్తగారు టీ తాగుతోంది, ఒక్క చుక్క ఒలకలేదు. నేను కాలి బొటనవేలితో చుక్కాని పట్టుకుని, చేతులు ఖాళీగా ఉన్నాయి గదా అని గడ్డం గీసుకున్నాను."

"మూడడుగులేనా?" అంది అక్క, గ్లాసు కడుగుతూ.

కళ్ళజోళ్ళాయన నవ్వలేదు. తలాడిస్తూ రాసుకున్నాడు. కప్పీ బాబాయ్ మెడ సాచి చూస్తే అక్కడ అడుగున్నర అని ఉంది. ఇదేంటని అడిగితే ఆయన మొహమాటపడిపోయాడు. "తప్పుగా అనుకోకండి సార్. మీరు కాస్త పెంచి చెబుతారని రేవులో అన్నారు. అందుకని అన్నిట్లోనూ సగం తీసేసి రాసుకుంటున్నాను. పని కొలతలు మాత్రం తియ్యలేదు. మెకానిక్కులు కొలతల్లో అబద్ధం చెప్పరు."

పన్నెండు కిలోలు పన్నెండు కిలోలుగానే ఉంది, చుట్టూ గుండ్రంగా గీత కూడా గీశాడు.

బాబాయ్ లెక్క మార్చుకున్నాడు. సగం తీసేస్తే నమ్మేలా ఉంది గాబోలు, సగం తీసేసినా నమ్మలేనంత చెప్పాలి అనుకున్నాడు. వెంటనే అత్తగార్ని రంగంలోకి దింపాడు. గాలి ఎక్కువయ్యేసరికి పన్నెండు కిలోలు చాల్లేదట, సంచీ విప్పి ఆ తాడుకి ఓ పీట కట్టి అత్తగార్ని కూర్చోబెట్టాడట. ఆవిడ కిందికి దిగితే చాప పైకి, చాప కిందికి దిగితే ఆవిడ స్తంభం కొనకి. అలా కొన మీద కూర్చున్నప్పుడు ఆవిడ అవతలి గట్టు మీద ఎవరింట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటున్నారో చూసి, కిందికి దిగినప్పుడల్లా కూతురికి చెప్పి, మళ్ళీ మిగతాది చూడ్డానికి పైకి వెళ్ళేదట. పెద్దాయన టీ పక్కన పెట్టి, ఆ పోట్లాట చివరికి ఏమైందని అడిగాడు. అది తెలుసుకునే లోపు గాలి ఆగిపోయిందన్నాడు బాబాయ్.

"అంటే అత్తగారు స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు" అని మెల్లగా చదువుకుంటూ రాసుకున్నాడు కళ్ళజోళ్ళాయన.

"ఆనుకోలేదు సారూ, ఎక్కింది, ఎక్కి దిగింది. సరే వదిలెయ్యండి. ఆ తర్వాత ఏమైందో వినండి. ఎదురుగా ఓడ. సామాన్ల ఓడ, ఏడంతస్తుల మేడంత. ఇంజను ఆగిపోయింది దానికి, కెప్టెను రెయిలింగు పట్టుకుని ఏడుస్తున్నాడు, బాబ్బాబు కాపాడమని. నేనన్నాను గదా, ఏడవకు, తాడు పడెయ్ అన్నాను. అత్తగార్ని దింపి పక్కన కూర్చోబెట్టి, ఆ ఓడ తీసుకొచ్చి సంచీ కట్టే చోట కట్టాను. ఓడ బరువుకి నా చాప లేచింది చూడండి, లేచింది, లేచింది, మబ్బులు దాటిపోయింది, పైన ఎండ, కింద వాన. చాప తడవకుండా ఓడని రేవు దాకా లాక్కొచ్చి కట్టేశాను. కెప్టెను దండం పెట్టాడు."

రెండు బెంచీలూ నవ్వులతో కదిలాయి. ఇద్దరు ముగ్గురు కొత్తగా వచ్చి నిలబడ్డారు కూడా. ఇంకెప్పుడైనా అయితే కప్పీ బాబాయ్‌కి అది పండగ. ఇవాళ మాత్రం ఆయన చూపంతా ఆ చిన్న పుస్తకం మీదే ఉంది. ఓడలో సగం తీసేస్తే ఏమవుతుందా అని చూస్తే, చిన్న లాంచీ అని రాశాడు మహానుభావుడు. పక్కనే, లాంచీని కూడా లాగింది, పద్ధతి గట్టిది అని ఇంకో ముక్క చేర్చాడు.

ఇక లాభం లేదనుకుని కప్పీ బాబాయ్ ఊళ్ళ మీద పడ్డాడు. ఓడ కూడా చాలక చివరికి అవతలి గట్టునే కట్టానన్నాడు. అటు గట్టు, ఇటు చాప. చాప లేచిన కొద్దీ గట్టు కుంగింది, వీధిలో జనమంతా మంచాలు, కుర్చీలు పట్టుకుని మేడలెక్కారు, అక్కడి మునిసిపాలిటీవాళ్ళు పడవేసుకుని వచ్చి, అయ్యా మా ఊరు మాకు ఇప్పించండని బతిమాలితే అప్పుడు వదిలాను, అయినా ఒక జానెడు కిందే ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడ రేవు మెట్లు తడిగా ఉంటాయి, కావాలంటే పోయి చూసుకోండి అన్నాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పేసరికి మెడ నరాలు పొంగాయి.

"ఆ వీధిలో ముప్పయ్యేళ్ళు ఉత్తరాలు పంచాను. మెట్లు మొదట్నుంచీ తడే" అన్నాడు పెద్దాయన.

కొట్టంతా గొల్లుమంది. కప్పీ బాబాయ్ ఆశగా కళ్ళజోళ్ళాయన వైపు తిరిగాడు. ఆయనా చిరునవ్వు నవ్వాడు గానీ పుస్తకం మూయలేదు. పెన్సిల్ని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు ఆలోచించి, ఎత్తడం గురించి అంతా అర్థమైందండీ, ఒక్కటే సందేహం అన్నాడు.

"గాలి ముదిరితే చాప కిందికి దించాలి కదండీ. దాన్ని ఎలా దించుతారు?"

పెద్దాయన గ్లాసు నోటి దగ్గరే ఆగింది. తొమ్మిదేళ్ళలో కప్పీ బాబాయ్ కథ మధ్యలో అంత చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఓడని మోసిన మనిషి, ఊరిని కుంగదీసిన మనిషి, ఆ ప్రశ్న ముందు కాళ్ళ మధ్య ఉన్న పనిముట్ల సంచీని అటూ ఇటూ జరిపాడు. అందరూ ఆయన మొహంలోకి చూస్తున్నారు. అక్క కూడా గిన్నె మీంచి చూపు తిప్పింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ నాలుకకి ఇన్నేళ్ళ అలవాటు ఉంది గదా, అది తన పని తను చేసుకుపోయింది.

"దించాల్సిన అవసరమే రాలేదు సారూ."

కళ్ళజోళ్ళాయన మొహం విప్పారింది. దించనక్కర్లేదు అని పెద్ద అక్షరాలతో రాశాడు. అందులో సగం తియ్యలేదు. కింద రెండు గీతలు గీసి, మా ఆవిడ భయమంతా దీని గురించేనండీ, ఇంక నిశ్చింత అంటూ పుస్తకం జేబులో పెట్టుకుని, చేతులు జోడించి లేచాడు. కొట్టు మెట్లు దిగి రోడ్డు మీదికి కూడా వెళ్ళిపోయాడు.

కప్పీ బాబాయ్ ఒక్క క్షణం కూర్చున్నాడు. ఆరేళ్ళవాడు, నాలుగేళ్ళది. ఎల్లుండే.

"సారూ, ఆగండి" అంటూ పనిముట్ల సంచీని తన్నుకుంటూ లేచి, రోడ్డు మీదికి పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ బెంచీ దగ్గరికి లాక్కొచ్చాడు. అందరి ముందూ చెప్పేశాడు. సంచీ కట్టొద్దు. చాప దిగలేదు. తాడు వదిలినా దిగలేదు. పడవ తిరగబడబోయింది. నన్ను మా ఆవిడ కాపాడింది. ఇన్నేళ్ళలో ఆయన అంత పొట్టి వాక్యాలు మాట్లాడ్డం ఎవరూ వినలేదు.

కొట్టు మళ్ళీ గొల్లుమంది. ఇది నీ కోతల్లో కొత్త రకం, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు అని పెద్దాయన మెచ్చుకున్నాడు. ఓడని ఎత్తినవాడు గుడ్డ పేలిక దించలేకపోయాడట అని వెనకాల ఎవరో అన్నారు. కళ్ళజోళ్ళాయన మాత్రం శ్రద్ధగా పుస్తకం తీసి, ఆలోచించి రాసుకున్నాడు. "అంటే సగం దాకా దిగి ఆగిందన్నమాట. కప్పీకి కాస్త గ్రీజు పెడితే సరిపోతుంది. పోయేముందు గుర్తు చేశారు, థాంక్సండీ."

"సగం కాదు. అసలు దిగలేదు" అన్నాడు బాబాయ్.

"కప్పీలో గ్రీజు మరీ తక్కువైతే అంతేనండీ" అన్నాడాయన ఓదార్పుగా.

 కప్పీ బాబాయ్‌కి తన నోటి మీద తనకే భయం వేసింది. ఏది చెప్పినా ఈ మనిషి సగం తీసేస్తాడు, నిజం చెప్పినా తీసేస్తాడు. తీసెయ్యక ఏం చేస్తాడు, తన పేరు అలాంటిది మరి. తన మాట ఇక్కడ చెల్లదు. చెల్లే మాట ఊళ్ళో ఒక్కటే ఉంది. ఫోన్ తీసి భార్యకి చేశాడు. ఆమె రెండు వీధుల అవతల పరదాల షాపు నడుపుతుంది, కిటికీలకి, తలుపులకి పరదాలు కుట్టి, తాళ్ళు బిగించి ఇస్తుంది. ఉన్న పళాన టీ కొట్టు దగ్గరికి రా, ఆ ఆదివారం ఏం జరిగిందో ఇక్కడ ఒకాయనకి చెప్పాలి అన్నాడు. ఒట్టు వేయించుకున్నారుగా అని ఆమె అడిగినట్టుంది. తీసి గట్టున పెట్టాను, నువ్వు రా అన్నాడు.

ఆమె వచ్చేదాకా కళ్ళజోళ్ళాయన్ని పోనివ్వలేదు. ఇంకో టీ ఇప్పించాడు. ఆ పది నిమిషాలూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదా బాబాయ్ అని అక్క నిజంగానే కంగారుపడి అడిగింది.

పిన్ని వచ్చింది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతూ. బాబాయ్‌ని బాబాయ్ అన్నవాళ్ళందరికీ ఆమె పిన్ని. కుదిమట్టంగా, మాటకి మాట కొలిచి వేసే మనిషి. జనాన్ని చూసింది, కళ్ళజోళ్ళాయన్ని చూసింది, ఆయన ఒళ్ళో ఉన్న బొమ్మ చూసింది. సంచీ దగ్గర ఆమె చూపు ఆగింది. విషయం అర్థమైంది. మొగుడి వైపు తిరిగి, ఎంతవరకు చెప్పమంటారు అని అడిగింది.

"మొత్తం."

"మీరేమన్నారో అది కూడానా?"

కప్పీ బాబాయ్ పెద్దాయన వైపు ఒకసారి చూశాడు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంటున్నాడు, తొమ్మిదేళ్ళ ఓపికకి ఫలం దక్కబోతోందని తెలిసిన మనిషిలా.

"అది కూడా చెప్పు" అన్నాడు బాబాయ్, నేల చూస్తూ.

ఆమె చెప్పింది. గాలి ముదరడం, పడవ ఒరగడం, తాడు వదిలినా చాప అలాగే నిలబడి ఉండడం, పిల్ల ఏడవడం, అన్నీ వరసగా చెప్పింది. చాప పైకి లేచినప్పుడు సంచీ కిందే ఉంటుంది గనక మోకాళ్ళ మీద పాక్కుంటూ స్తంభం దగ్గరికి వెళ్ళి, పళ్ళు కోసుకోవడానికి తెచ్చుకున్న చాకుతో దాని పొట్ట కోసేశానంది. ఇసుకంతా కారిపోయి సంచీ తేలికయ్యాక చాప తన బరువుకి తనే జారి కింద పడింది, పడవ లేచి నిలబడింది. పన్నెండు కిలోలు అంటే ఎంతో పడవంతా తుడిచినవాళ్ళకి తెలుస్తుంది అంది. అంతసేపూ ఆమె గొంతు పరదా కొలతలు చెబుతున్నట్టే ఉంది.

"ఈయన చుక్కాని కర్ర రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒకటే మాట. ఎవరూ కంగారు పడకండి, తలుపుకి దూరంగా నిలబడండి, మెకానిక్ దారిలో ఉన్నాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి ఫోన్లో చెబుతారే, అది. మా అమ్మ పాపం ఆ నీళ్ళల్లో తలుపు ఎక్కడుందా అని వెతికింది."

పెద్దాయనకి నవ్వు పట్టలేక పొలమారింది. ఎవరో వీపు మీద చరిచారు. అక్క గిన్నె కింద మంట ఆర్పేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. రేపటినుంచి ఈ రేవులో తనని ఎవరు పలకరించినా మెకానిక్ దారిలో ఉన్నాడా అనే అడుగుతారని కప్పీ బాబాయ్‌కి తెలుసు. చెవులు ఎర్రబడ్డాయి, సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా లేచి వెళ్ళలేదు. ఆయన కళ్ళజోళ్ళాయన్నే చూస్తున్నాడు.

కళ్ళజోళ్ళాయన నవ్వడం లేదు. మొహం పాలిపోయింది. పిల్లలు ఇద్దరూ అడ్డకర్ర కిందే కూర్చుంటామని ఇప్పటినుంచే పోట్లాడుకుంటున్నారని నెమ్మదిగా అన్నాడు. పుస్తకంలోంచి ఆ బొమ్మ ఉన్న కాగితం, దించనక్కర్లేదు అన్న కాగితం, రెండూ చింపి జేబులో కుక్కుకున్నాడు. తర్వాత కొత్త పేజీ తీసి, మరి ఒక్కణ్ణే నడపాలంటే ఎలా కట్టుకోవాలమ్మా అని పిన్నిని అడిగాడు.

ఆమె చెప్పింది. తాళ్ళన్నీ కూర్చునే చోటికి తేవడం మంచి ఆలోచనే, అది ఈయన చేసినట్టే చెయ్యండి. బరువు మాత్రం ఏదీ కట్టకండి, వదిలేస్తే చాప దానంతటదే పడిపోవాలి. మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుంటే లాగడానికి చాప పై కొనకే ఇంకో తాడు కట్టి కిందికి తెచ్చుకోండి. పరదాకి తెరవడానికో తాడు, మూయడానికో తాడు ఉంటాయి చూడండి, అదే. ఎత్తేది ఒక రంగు, దించేది ఇంకో రంగు. కంగారులో కూడా తెలియాలి. ఇప్పుడు మా పడవకి అలాగే కట్టాను. రేపు మధ్యాహ్నం నేనొచ్చి చూస్తాను, నేను చూశాకే పిల్లల్ని ఎక్కించండి.

కప్పీలు నేను బిగిస్తాను సారూ అన్నాడు బాబాయ్ గొంతు సవరించుకుని. తాళ్ళు ఎక్కడికి పోవాలో ఆవిడ చెబుతుంది.

కళ్ళజోళ్ళాయన అంతా రాసుకుని, కాసేపు తటపటాయించి, ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతానమ్మా, ఇందులో నేనెంత తీసెయ్యాలి అన్నాడు.

"ఏమీ తీసెయ్యకండి. ఇంకోటి కలుపుకోండి. ఆ సంచీ కట్టొద్దని ఈయనకి ముందే చెప్పాను, మూడుసార్లు. అది కూడా రాయండి, మీ ఆవిడ చదవాలి."

ఆయన మూడుసార్లు అని రాశాడు. కొట్టంతా బాబాయ్ వైపు తిరిగింది, ఇక్కడైనా ఆయన ఏదో ఒకటి అడ్డం వేస్తాడని. పెద్దాయన ముందుకి వంగి చెవి ఒగ్గాడు కూడా.

"మూడు కాదు సారూ" అన్నాడు కప్పీ బాబాయ్. "నాలుగుసార్లు చెప్పింది."

కళ్ళజోళ్ళాయన మూడు కొట్టేసి నాలుగు వేశాడు.